ఏడుగురి కంపెనీలో ప్రాసెస్

ఇంటర్న్‌షిప్ పాతబస్తీలో, శాలిబండ దగ్గర ఒక మేడ మీది ఆఫీసులో చేశాను. మొత్తం ఏడుగురం. లాడ్ బజార్ గాజుల దుకాణాలకీ, పత్తర్‌గట్టి బట్టల షాపులకీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తారు. ఒక్కో షాపుకి ఒక్కో కోడ్ కాపీ. ఎక్కడ ఏం మార్చారో సీనియర్ అన్నకి మాత్రమే గుర్తు. రంజాన్ నెలలో అర్ధరాత్రి దాకా బేరాలు సాగే చోట ఆయనకి జ్వరమొస్తే బిల్లింగ్ ఆగినట్టే.

మనం క్లాసులో సీఎంఎం ఐదు లెవెల్స్ బట్టీపట్టాం కదా! అది అమెరికా రక్షణ శాఖ కాంట్రాక్టర్లని అంచనా వేయడానికి కార్నెగీ మెలన్‌లో తయారైంది. ఏడుగురికి ఆ చొక్కా మరీ వదులు. 25 మంది వరకూ ఉండే సంస్థల కోసం 2011లో ఐఎస్ఓ 29110 వచ్చిందని తర్వాత తెలిసింది. (మన సిలబస్‌లో లేదులెండి.)

మేం పెట్టుకున్నవి రెండే పనులు. కాపీలన్నీ గిట్‌లోకి ఎక్కించడం, ప్రతి మార్పూ ఒక రిజిస్టర్‌లో రాయడం. గిట్ రెండ్రోజుల్లో అయిపోయింది. రిజిస్టర్ దగ్గరే బండి ఆగింది.

"గిదంతా రాసిస్తే నాతోని ఇంకేం పనుంటది తమ్మీ?" అన్నాడు అన్న, చాయ్ సాసర్లో పోసుకుంటూ.

నేను చదివిన ఏ చాప్టర్‌లోనూ ఈ ప్రశ్న లేదు. చివరికి ఓనరే వచ్చి, "నీ సంతకం లేకుండ ఇకనుంచి ఏ మార్పూ షాపుకు పోదు భాయ్" అన్నాక పెన్ను తీశాడు.

నేను వచ్చేసేనాటికి 11 షాపుల వివరాలు రాశాడు. మిగతావి ఇంకా ఆయన తలలోనే ఉన్నాయి.