ఎండకు కమిలిన చర్మము

గడచిన వేసవిలో మా అన్నగారి కుమార్తెకు స్కూటరు నడుపుట నేర్పెదనని నేను మాట యిచ్చితిని. ఆ బాలిక డిగ్రీ చదువు ముగించి, ఒక పోటీపరీక్షకు సిద్ధపడుటకై మహబూబ్‌నగరమునుండి వచ్చి మా ఇంట నుండెను. మా ఇల్లు బార్కస్‌లో. హైదరాబాదు పాతబస్తీకి దక్షిణపు కొసను, చాంద్రాయణగుట్ట దాటిన పిమ్మట వచ్చు పేట యిది. యెమెను దేశమందలి హద్రమౌతునుండి వచ్చి నిజాము సైన్యమున చేరిన అరబ్బులకు ఇచ్చట బ్యారక్సు లుండెడివి. ఆ ఇంగ్లీషు మాటయే జనుల నోట నలిగి బార్కస్ అయినది. 1948లో నిజాము రాజ్యముతోపాటు ఆ కొలువులును పోగా, పెక్కు కుటుంబములు ఇచ్చటనే నిలిచి జామతోటలు, వర్తకములు చూచుకొనినవి. వారి మునిమనుమలకు నేను ఇప్పుడు తెలుగు చెప్పుచున్నాను.

ఇచ్చటి మైదానము ఉదయమునను సాయంకాలమునను ఫుట్‌బాల్ ఆడు కుర్రవాండ్రది. మాకు మిగిలినది నడిమి ఎండవేళ. ఏప్రిల్ నెలలో ఒక ఆదివారము పదిన్నర మొదలు ఒంటిగంట వరకు ఆ బాలిక బండి త్రోలుట నేర్చుకొనెను. నేను వేపచెట్టు నీడను నిలిచి ఉపదేశము చేయుచుంటిని. మా పొరుగున నుండు వృద్ధుడైన చావూష్ ఒకరు, లుంగీ కట్టి తలకు తువాలు చుట్టుకొని ఆ దారిని పోవుచు ఆగిరి. "మాస్టర్ సాబ్, ఈ యాళ్లకు మేకలు సుత నీడకు పోతయి" అని తన ఉర్దూ కలిసిన తెలుగులో అనిరి. తాతగారి దేశములో పొలమున పనిచేయు స్త్రీలు ఈతాకుతో అల్లిన నిలువెత్తు టోపీలు పెట్టుకొని, చేతులు మొగము కప్పుకొందురని ఆయన పూర్వము నాతో చెప్పియుండిరి. హద్రమౌతు లోయలలో ఆ టోపీలు నేటికిని కలవు. నేను నవ్వి ఊరకుంటిని. ఇంకొక్క చుట్టు తిరిగినచో మలుపు వచ్చునని నా తొందర.

సాయంకాలమునకు ఆమె ముంజేతులు, మెడ వెనుక భాగము, ముక్కు, చెంపలు వెచ్చబడినవి. చామనచాయ పిల్ల గనుక ఎరుపు అంతగా కానరాలేదు. చేయి ఆనించినచో మాత్రము పెనమువలె నుండెను. తెల్లని చర్మముపై ఎర్రదనమును చూచి గుర్తించుట కలవాటుపడిన పాఠ్యగ్రంథములు మనవంటి వారి విషయమున ఇట్లే మోసపుచ్చును. నలుపు కొంత కాపాడును గాని అది పూర్తి కవచము కాదు. ఆ రాత్రి పిల్ల నిద్రపోలేదు.

మరునాడు మా వదినగారు వచ్చిరి. పది దినములలో పెండ్లిచూపులు. గడపలో అడుగుపెట్టుచునే, "అయ్యో, గింత నల్లబడ్డవేందే!" అని గుండె బాదుకొనిరి. ఆ పిల్ల మంట అని చెప్పుచున్నది. మేము నలుపు అని వినుచున్నాము. ఆ దినమున మా ఇంట ఎవరును, నేనును, చల్లని నీటిగుడ్డ వేయుదమన్న తలంపు చేయలేదు.

వదినగారు శనగపిండిలో నిమ్మరసము కలిపి పూసిరి. పూత కడిగియు కడుగక పిల్ల మిద్దెపై బట్టలు ఆరవేయ బోయినది. రెండు మూడు దినములకు చెంపలపై కారిన చారలవలె గోధుమరంగు మచ్చలు తేలినవి. దీనికి కారణము నాకు తరువాత తెలిసినది. నిమ్మజాతి రసములో సోరలెన్లు అను పదార్థములు గలవు. అవి చర్మముపై నుండగా ఎండ సోకినచో చర్మము కాలును, మచ్చ పడును. ఈ పేరు మన బావంచాల మొక్కకు వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన సోరలియా అను పేరునుండియే వచ్చినది. బొల్లి మచ్చలకు బాకుచి వాడి ఎండ చూపుట మన వైద్యులకు పూర్వమునుండి తెలియును. బాకుచి గుణములు సంస్కృతమున చదివిన నేనే, అదియే గుణము నిమ్మకాయలో నున్నదని ఎరుగక గిన్నె అందించితిని.

ఇక నా అపరాధము చెప్పవలెను. బాల్యవివాహములను గూర్చియు కట్నములను గూర్చియు సభలలో ప్రసంగించినవాడను. అట్టి నేను మందుల దుకాణమునకు పోయి, "మొగము తేటపడుటకు ఏదైన ఇమ్ము" అని అడిగితిని. చీటీ అడుగక కుర్రవాడు ఒక చిన్న గొట్టము చేతిలో పెట్టెను. "అందరు గిదే తీస్కపోతరు సార్" అనెను. స్టిరాయిడు పూతమందులు పదునాలుగింటిని 2018లో కేంద్రప్రభుత్వము షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని కట్టడి చేసినది. కాని ఆ దినమున చీటీ అడుగనివాడు అతడొక్కడేనా? ఇంగ్లీషు చదివిన నేను అట్టపైని చిన్న అక్షరములు చదువలేదు.

ఐదారు దినములలో మొగము తెల్లబడెను. ఇల్లంతయు సంతోషించెను. పెండ్లివారు వచ్చి చూచి పోయిరి. వారి జవాబు గూర్చి ఇచ్చట వ్రాయవలసిన దేమియు లేదు. పూత మానిన మూడవనాడు మొగము ఎర్రబడి దురద పుట్టినది. మరల పూసినచో చల్లబడినది. ఇట్లు రెండు నెలలు గడచినవి. జూన్ చివరకు చెంపలనిండ మొటిమలవంటి పొక్కులు, పలుచబడిన చర్మముక్రింద సన్నని రక్తనాళముల గీతలు, దీపపువేడికి సయితము మంట. అప్పుడు గాని మేము చర్మవైద్యురాలి వద్దకు పోలేదు.

ఆ వైద్యురాలు మమ్ము కోపపడలేదు. గొట్టమును త్రిప్పి చూచి, ఇందులో మూడు మందు లున్నవని చెప్పిరి. స్టిరాయిడు వాపును మంటను అణచును, ఎక్కువనాళ్లు వాడినచో చర్మమును పలుచన చేయును. హైడ్రోక్వినోన్ రంగు పుట్టకుండ అడ్డగించును. ట్రెటినాయిన్ పైపొరను త్వరగా రాల్చి, చర్మమును ఎండకు మరింత లోకువ చేయును. వైద్యుని కనుసన్నలలో కొలది వారములు వాడినచో ఇవి మందులే. పిమ్మట ఆమె కాగితముపై చర్మపు పొరలు గీసి చూపిరి. బడిపంతులునకు బొమ్మ గీసి పాఠము చెప్పుట ఎంత హాయిగా నుండునో ఆనాడు తెలిసినది.

ఎండలో కంటికి కానరాని అతినీలలోహిత కిరణములు గలవు. అవి చర్మపు పైపొరలోని కణముల డి.ఎన్.ఏ.ను దెబ్బతీయును. దెబ్బతిన్న కణము తన్ను తాను బాగుచేసికొన చూచును. బాగుపడరానిది తనంతట నశించును. ఆ చోటికి రక్తము ఎక్కువగా ప్రవహించుటచే వేడియు మంటయు కలుగును. అది కొన్ని గంటలకు మొదలై, ఒక పగలు ఒక రాత్రిలో ముదిరి, సామాన్యముగా మూడు దినములలో తగ్గును. వారము లోపల పై చర్మము పొలుసులై రాలును. ఇంతలో అడుగునున్న మెలనోసైట్లు మెలనిన్ అను వర్ణద్రవ్యమును ఎక్కువగా చేసి ఇరుగుపొరుగు కణములకు పంచును. ఆ కణములు దానిని తమ కేంద్రకముపై, ఎండ తగులు వైపున, గొడుగువలె నిలుపుకొనును. మేము పదిదినములు తిట్టిపోసిన నలుపు ఈ గొడుగే! పైపొర అంతయు మారి క్రొత్తది వచ్చుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. ఆ వరుసలో గొడుగులును రాలిపోవును. వాపువలన పడిన మచ్చలు మాత్రము నెలలకొలది నిలుచును. వానిని తోమినచో మరింత ముదురును.

మరియొక మాట చెప్పిరి. మెలనోసైట్ల సంఖ్య తెల్లవారికిని నల్లవారికిని ఇంచుమించు సమానమే. అవి చేయు రేణువుల పరిమాణములోను, అవి వ్యాపించు తీరులోను మాత్రమే భేదము. మా తరగతిలో గోధుమవన్నె మొదలు నేరేడువన్నె వరకు కూర్చుండు పిల్లలు నా కన్నులయెదుట నిలిచిరి.

సుశ్రుతుడు చర్మమునకు ఏడు పొరలు చెప్పి, మరుగు పాలపై మీగడ కట్టునట్లు అవి ఏర్పడునని ఉపమించెను. అన్నిటికిని పైదానికి అవభాసిని అని పేరు. వర్ణములను ప్రకాశింపజేయునది గనుక. ఇరువదేండ్లుగా ఆ మాటకు వ్యుత్పత్తి చెప్పుచున్నాను. మీగడను గోకినచో మరల కట్టుటకు పాలు నిలుకడగా నుండవలెనని మా ఇంట ఏ ముసలమ్మ నడిగినను చెప్పును. శ్రీరాముని శ్యాముడనియు, ద్రౌపదిని కృష్ణ యనియు పిలుచుకొను జాతికి ఈ తెలుపు మోహము ఎక్కడనుండి పట్టినదో వేరొకమారు విచారింతము. 1975లో అంగళ్లకు వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అని పేరు మార్చుకొనినది. మా వదినగారు దానిని నేటికిని పాతపేరుతోనే అడుగుదురు.

చికిత్స సామాన్యమైనది, ఓర్పు మాత్రము కావలసినది. పూతను వైద్యురాలు చెప్పిన క్రమమున మాన్పించిరి. సువాసన లేని మెత్తని లేపనము, ఎండను అడ్డు పూత, పొడుగు చేతుల నూలుబట్ట, గొడుగు. మొదటినాడే ఏమి చేయవలసి యుండెనని అడిగితిని. నీడకు రావలెను, చల్లని నీటిగుడ్డ వేయవలెను, మంచుగడ్డ రుద్దరాదు, నీరు బాగుగ త్రాగవలెను, బొబ్బలు లేచిన చిదుపరాదు, జ్వరము, వాంతి, తల తిరుగుట ఉన్నచో ఆసుపత్రికి పోవలెను. ఇంతే. పదేపదే కమిలిన చర్మమున కొంత హాని కంటికి కానరాక మిగులుననియు, రంగు తిరిగి వచ్చినంత మాత్రమున అంతయు బాగయినదని తలపరాదనియు హెచ్చరించిరి.

తిరిగి వచ్చుచు ఆటోలో ఆ పిల్ల చాలసేపు మాటాడలేదు. మైదానము ప్రక్కకు రాగానే, "చిన్నాయనా, నాకు మంట తగ్గిందా అని ఎవరన్న అడుగుతరేమో అని ఆ రాత్రంత చూసిన" అనెను. నేను ఆటోవానికి చిల్లర లెక్కపెట్టుచుంటిని. రెండుమారులు లెక్క తప్పితిని.

జూలైలో మంట తగ్గినది, సెప్టెంబరుకు పొక్కులు అణగినవి. మచ్చలు అన్నిటికంటె వెనుక, ఎప్పుడు పోయినవో తెలియకుండ పోవుచు వచ్చినవి. ఎడమ చెంపపై ఒకటి ఇంకను లీలగా కలదు. మొగమున ఆమె పుట్టువన్నె మరల కానవచ్చినది. పెండ్లి మాట పరీక్ష ముగియువరకు ఎత్తవద్దని ఆమెయే తల్లికి చెప్పినది. నేను ఆమె ప్రక్కన కూర్చుంటిని.

నవంబరులో జామపండ్లు వచ్చినవి. పొరుగు పెద్దాయన తోటనుండి గంపెడు పంపిరి. ఎండ దెబ్బకు ఒకవైపు మాడిన కాయలను ఆయన ముందుగనే ఏరివేయుదురు. గంప పట్టుకొని వచ్చినది మా పిల్లయే. ఫుట్‌బాల్ కుర్రవాండ్రతో మాటాడి, మైదానమున ఒక మూల ఉదయము ఆరుగంటలకు తనకు ఇప్పించుకొనినదట. గంప ముందర పెట్టుకొని, పొడుగు చేతుల చొక్కా తొడిగి, మలుపు తిరిగి ఒంటరిగా ఇంటి వాకిటికి వచ్చి బండి ఆపినది.