పాకం మరక

పోయిన సంక్రాంతికి బెంగళూరు నుంచి బద్వేలు పోతే, నేను కొనిచ్చిన కరెంటు పొయ్యి వంటింట్లో కనపడలేదు. అడిగితే అమ్మ ‘ముందు కాఫీ తాగు’ అనింది. అమ్మ మాట మార్చిందంటే ఏదో ఉన్నట్టే. మధ్యాహ్నం వెతికితే బియ్యం డ్రమ్ము వెనక దొరికింది, పాత చీరలో చుట్టి. విప్పితే నల్లటి అద్దం మీద అరచేయంత మరక, బొగ్గులా అట్టకట్టుకొని.

ఆ పొయ్యి షోకుకు కొన్నది కాదు. గ్యాస్ మిగులుతుందని అమ్మ నీళ్లు, పప్పు అన్నీ పెరట్లో కట్టెల పొయ్యి మీదే పెట్టేది. రాత్రిళ్లు ఒకటే దగ్గు. పొగ దగ్గరికే పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పినాడు. ఇండక్షన్ కొందామంటే మా ఇంట్లో సత్తు గిన్నెలే ఎక్కువ, వాటికి అది వేడే కాదు. అందుకే ఏ గిన్నైనా పట్టే ఇన్‌ఫ్రారెడ్ పొయ్యి తెచ్చిచ్చినా. రోజూ ఫోన్లో ‘పొయ్యి బాగుందా?’ అంటే ‘బాగుంది పాపా’ అనేది. మధ్యలో దగ్గు వినిపిస్తే దుమ్ము అనేది.

‘నీకు పంపడానికి శెనక్కాయల ఉండలు చేస్తాంటే పాకం పొంగింది. అంత డబ్బు పోసి కొన్నావు, ఏమంటావో అని చెప్పల్యా. మళ్లా పెడితే అద్దం పగుల్తాదేమో అని భయం.’ ఆ ఉండలు నాకు కొరియర్లో వచ్చినాయి. రూమ్మేట్స్‌తో కలిసి రెండు రోజుల్లో తినేసినా కూడా. అమ్మ మాత్రం రెండు నెలలుగా మళ్లీ పొగలోనే ఉంది.

ఫోన్ తీసి కూర్చున్నా. మనం మామూలు అద్దం అనుకునేది నిజానికి గ్లాస్ సిరామిక్. 1953లో అమెరికాలో కార్నింగ్ కంపెనీ శాస్త్రవేత్త డొనాల్డ్ స్టూకీ ఒక గాజు ముక్కను 600 డిగ్రీలకు వేడి చేయబోతే, కొలిమి కాస్తా 900కి పోయింది. కరిగి ముద్దయి ఉంటుందనుకుంటే గట్టిపడి ఉంది. తీస్తుంటే జారి కింద పడింది, పగల్లేదు! ఆ జాతి గాజే ఇది. వేడికి దాదాపు సాగదు కాబట్టి వేడితో పగలదు. అమ్మకి చెబితే ‘అంటే ఆయప్ప కూడా ఏమరపాటుగా ఉన్న్యాడన్నమాట’ అని మొదటిసారి నవ్వింది.

కానీ దీనికి పడని వస్తువు ఒకటుంది. చక్కెర, బెల్లం. పాకం గాజును పట్టేసి, చల్లారి బిగుసుకునేటప్పుడు పైపొరను చిన్న పెచ్చుగా లాగేస్తుంది. పాలు, గంజి పొంగితే చల్లారాక తుడవొచ్చు. పాకాన్ని మాత్రం స్విచ్ ఆపిన వెంటనే, వేడి మీదుండగానే, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకొని పిడి ఉన్న బ్లేడుతో గీకాలి. మాది ఆలస్యం కేసు.

అమ్మ ఈలోపు బూడిద, స్టీల్ పీచు పట్టుకొచ్చింది. చేతిలోంచి లాక్కున్నా. అవి గీతలు పెడతాయి, తర్వాత ప్రతి మరకా ఆ గీతల్లోనే దూరుతుంది. ప్లగ్ పీకి, వంట సోడాను నీళ్లలో ముద్దగా కలిపి మరక మీద పూసి, పైన తడిగుడ్డ కప్పి అరగంట వదిలినా. పెయింట్ల అంగడిలో గీకే బ్లేడు దొరికింది (షేవింగ్ బ్లేడు వద్దు, వంగి వేలు తెగుతుంది). రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసి, బ్లేడును నిలబెట్టకుండా బాగా వాల్చి తోస్తే నల్లటి పొరలు లేచినాయి. ఒక్కసారికి పోలేదు. మూడుసార్లు సోడా పూస్తే పోయింది. బోరు నీళ్ల తెల్ల వలయాలకు నిమ్మచెక్క చాలు. అయితే ఆ నిమ్మరసం కింద కడప బండ మీద కారనివ్వద్దు. అది సున్నపురాయి, మెరుపు పోయి తెల్లబారుతుంది. బండకు బూడిద పడుతుంది నిమ్మ పడదు, అద్దానికి నిమ్మ పడుతుంది బూడిద పడదు. అత్తాకోడళ్లే ఇద్దరూ!

చివరికి మినపగింజంత గుంట మిగిలింది. చుట్టూ వేలితో, టార్చితో చూసినా, పగులు ఎక్కడా లేదు. ఉండుంటే మాత్రం ఆ పొయ్యిని మళ్లీ కరెంటుకు తగిలించేదాన్ని కాదు, నీళ్లు లోపలికి దిగితే షాక్ కొడుతుంది. ఆ సాయంత్రం దాని మీదే టీ పెట్టినాం. సంగటి మాత్రం ఇప్పటికీ గ్యాస్ మీదే. అంత బలంగా గెలికితే ఈ పొయ్యి నిలవదు.

పోయిన వారం ఆఫీసు మీటింగ్‌లో ఉంటే అమ్మ వీడియో కాల్. కట్ చేస్తే మళ్లీ చేసింది. బయటికొచ్చి ఎత్తితే తెర నిండా పొయ్యి, దాని మీద పాకం చుక్కలు, బ్లేడు పట్టిన చేయి.

‘ఇప్పుడే పడింది పాపా, స్విచ్ ఆపినా. గీకుతాండా, చూడు.’