పెదవి మీది రంగు

ఇప్పపువ్వు రాలే రోజుల్లో మన్యపు స్త్రీలు చీకటితోనే అడవికి బయలుదేరుతారు. రాత్రంతా రాలిన పువ్వును ఎండ ఎక్కకముందే ఏరుకోవాలి. ఆ పువ్వంటే ఎలుగుబంటికీ మహా ప్రీతి. మసక వెలుతురులో మనిషీ జంతువూ ఒకే చెట్టు కింద ఎదురుపడితే ఏమవుతుందో మీరు వార్తల్లో చదివే ఉంటారు. బెదిరిన ఎలుగు వెనుక కాళ్ల మీద లేచి కొడుతుంది. ఆ దెబ్బ తరచుగా ముఖం మీదనే పడుతుంది.

అరకు ప్రాంతంలో పనిచేసిన కాలంలో అటువంటి గాయాలు కొన్ని చూశాను. వాటిలో ఒక ఇల్లాలి సంగతి మీకు చెప్పాలనిపిస్తోంది, ఆమె విషయంలో నేను పొరబడ్డాను గనుక.

ఆమెకు పై పెదవి కుడి సగమూ, దాని పక్క బుగ్గా, గడ్డం మీది చర్మం కొంతా పోయాయి. విశాఖపట్నంలో శస్త్రచికిత్స చేసి, బుగ్గ చర్మాన్ని జరిపి పెదవి కట్టారు. ఇలా చర్మాన్ని తిప్పి అవయవాన్ని కట్టడం మన దేశానికి కొత్త విద్య కాదు. సుశ్రుత సంహితలో ముక్కును కట్టే పద్ధతి ఉంది. నుదుటి చర్మంతో ముక్కు కట్టిన మన వైద్యుల పనితనాన్ని 1794లో ఒక లండన్ పత్రిక బొమ్మతో సహా అచ్చువేసింది. అయితే ఆకారం వేరు, రంగు వేరు. చర్మం ఎక్కడి నుంచి వస్తే అక్కడి రంగునే వెంట తెచ్చుకుంటుంది. ఆమె పెదవిలో సగం పెదవి రంగులో ఉంది, సగం బుగ్గ రంగులో ఉంది. రెండు అడుగుల దూరం నుంచి చూస్తే ఆ సగం లేనట్టే కనిపించేది.

ఏడాది తరువాత వచ్చింది. కొంగు నోటి మీది నుంచి తీయలేదు.

“బాబూ, నోరు బాగుపడింది. మొకం బాగుపడలేదు. ఈ రంగు తేలేరా?”

“ప్రాణం దక్కింది, అన్నం తినగలుగుతున్నావు. ఇంకేం కావాలమ్మా?” అన్నాను. వరండాలో మలేరియా జ్వరాలవాళ్లు బారులు తీరి ఉన్నారు. అది నా సమర్థన కాదు, ఆనాటి తొందర. ఆమె సంతకు పోవడం మానేసి ఏడాదయిందని తరువాత తెలిసింది. అమ్మకానికి అత్తగారు వెళుతోందట.

మూడు నెలలకు మళ్లీ వచ్చింది, పెదవి వాచి చీము పట్టి. జాతరలో యంత్రంతో పచ్చబొట్లు పొడిచే అతని చేత ఆ పెదవి మీద గీత గీయించుకుంది. వచ్చిన వాళ్లందరికీ అదే సూది, అదే సిరా. చీము మందులకు తగ్గింది. హెచ్.ఐ.వి., హెపటైటిస్ పరీక్షలు వెంటనే ఒకసారి, గడువు ముగిశాక మరొకసారి చేయించాం. ఏమీ లేదని తేలేదాకా నేను కుదురుగా లేను. గీత మాత్రం నీలంగా మిగిలింది. ఆ సిరాలో ఉండేది నల్లటి మసి. చర్మం లోతున ఉన్న నలుపు పైకి నీలంగానో పచ్చగానో కనబడుతుంది. పచ్చబొట్టుకు ఆ పేరు ఊరికే రాలేదు.

అప్పుడు గానీ నేను పుస్తకాలు తీయలేదు. వైద్యపు పచ్చబొట్టు అనే పద్ధతి ఒకటుంది. గ్రహణమొర్రి సరిచేసిన పెదవికి అంచు, కాలిన ముఖానికి కనుబొమ్మ, క్యాన్సర్ శస్త్రచికిత్స తరువాత రొమ్ముకు చనుమొన చుట్టూ ఉండే వలయం దీనితో దిద్దుతారు. ఎక్కువగా ఐరన్ ఆక్సైడ్ రంగులను శుభ్రపరచిన కొత్త సూదితో చర్మపు లోపలి పొర పైభాగంలో నిలుపుతారు. మచ్చ ఎర్రదనం తగ్గి మెత్తబడేదాకా, అంటే ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగాలి. ముందు ఒక చుక్క వేసి చర్మం తట్టుకుంటుందో లేదో చూస్తారు. మొదటి రోజుల్లో రంగు ముదురుగా ఉండి, పొట్టు రాలాక పలచబడుతుంది. అందుకే కొన్ని వారాల ఎడంతో రెండు మూడుసార్లు వేస్తారు. అదీ శాశ్వతం కాదు, కొన్నేళ్లకు వెలిసిపోతే మళ్లీ దిద్దించుకోవాలి. మచ్చలు ఉబ్బి కెలాయిడ్లుగా మారే శరీరతత్వం మీదైతే, పెదవి మీద జ్వరపు పొక్కులు తరచుగా లేచేవైతే, ఆ మాట ముందే చెప్పండి. పొక్కులకు ముందుగానే మందు ఇస్తారు. రక్తదానానికి ఏడాది ఆగాలి. తప్పుగా వేసిన లేతరంగును లేజరుతో తీయబోతే నల్లబడవచ్చు. ఇది చాలామందికి తెలియదు.

ఆమెది మసి గీత గనుక లేజరుకు క్రమంగా తగ్గింది. ఆ తరువాత విశాఖలో ఒక చర్మవైద్యుని దగ్గరకు తోడు వెళ్లాను. అక్కడి అమ్మాయి గులాబీ రంగులు నాలుగు తీసి చూపించింది. ఆమె చేతి అద్దంలో తన మంచి సగాన్ని చాలాసేపు చూసుకుంది.

“ఇవి పట్నం పెదాలు తల్లీ. నాది నేరేడు పండు రంగు,” అంది.

గోధుమ, ఊదా, కొంచెం ఎరుపు కలిపి, ఆ రంగు కుదిరేసరికి గంట పట్టింది. ఆ గంట నాకు బాగా గుర్తుంది. ఏ రంగు ఎవరిదో తేల్చవలసింది వైద్యుడని నేను అంతదాకా అనుకునేవాణ్ని.

పచ్చబొట్టు సంగతి ఆ కొండలకు మనం నేర్పవలసినది కాదు. ఒడిశా వైపు కంధమాల్‌లో కోందు స్త్రీలు ముఖమంతా గీతలు పొడిపించుకునేవారు. చనిపోయాక కూడా తమవాళ్లు గుర్తుపట్టడానికని పెద్దలు చెబుతారు. ఈమెకు చిన్నప్పుడు అవ్వ గడ్డం మీద మూడు చుక్కలు పొడిచిందట. గాయంతో అవీ పోయాయి. మూడవసారి వెళ్లినప్పుడు, పెదవి పని పూర్తయ్యాక, ఆమె లేవలేదు. గడ్డం మీద వేలు పెట్టి, “ఇక్కడ మూడు,” అంది.

చర్మవైద్యుడు నా వంక చూశాడు. నేను ఆమెనే అడగమన్నాను. చుక్కకూ చుక్కకూ నడుమ ఎంత ఎడం ఉండాలో ఆమె గోటితో కొలిచి చూపించింది.