బోధన్ తీపి

ఢిల్లీ, ముంబై నుంచి వచ్చిన ఆరుగురు ట్రావెల్ జర్నలిస్టులను మూడు రోజులు నిజామాబాద్ చుట్టూ తిప్పే పని నాకు తగిలింది. లగ్జరీ ట్రిప్ అన్నారు. ఇక్కడ లగ్జరీ అంటే ఏసీ టెంపో ట్రావెలర్, చల్లటి నీళ్ల సీసాలు, పనిచేసే గీజరు. మొదటి రెండూ నా చేతిలో ఉన్నాయి. మూడోది హోటల్‌వాళ్ల చేతిలో ఉంది. తెల్లవారి ఆరింటికే ఢిల్లీ ఆవిడ భుజాన టవల్‌తో నా తలుపు కొట్టింది.

ఖిల్లా, డిచ్‌పల్లి రామాలయం మొదటి రోజే అయిపోయాయి. ఖిల్లా జైలు గోడల మీద కవి దాశరథి బొగ్గుతో పద్యాలు రాశాడని చెబితే ఇద్దరు రాసుకున్నారు, నలుగురు ఫొటోలు దిగారు. రెండో రోజు అంకాపూర్ నాటుకోడి దగ్గర మాత్రం ఆరుగురూ ఒక్కటయ్యారు. అక్కడ ప్లేటు లెక్క ఉండదు, కోడి లెక్కే. ముందుగా ఫోన్ చేసి చెప్పుకోవాలి. ముంబై అబ్బాయి స్పూను పక్కన పడేసి చేత్తో తిన్నాడు. నా ఏర్పాట్లలో సరిగ్గా కుదిరింది అదొక్కటే.

మూడో రోజు బోధన్. అక్కడి శక్కర్‌నగర్‌కు షెడ్యూల్లో ఇరవై నిమిషాలు వేశాను. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గేటు బయట అంతకంటే చేసేదేముంటుంది? మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ కాలువ నీళ్లతో చెరుకు పెరిగింది, 1937లో నిజాం ఈ ఫ్యాక్టరీ పెట్టాడు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. గుంటూరు, కృష్ణా రైతులు వచ్చి వేసుకున్న క్యాంపులు ఇప్పటికీ దారి పొడుగునా ఉన్నాయి. చుట్టూ చెరుకు బదులు వరి.

ఎదురుగా ఉన్న టీ కొట్టులో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఫ్యాక్టరీలో ఏం పని చేసేవారని అడిగితే "ప్యాన్ల మీద" అన్నాడు. అక్కడి నుంచి గంటన్నర మేం కదల్లేదు.

ప్యాన్ అనే, గాలి తీసేసిన పెద్ద పాత్రలో పాకం తక్కువ వేడికే ఉడుకుతుందట. పక్కనున్న కన్నంలోంచి కడ్డీ లాగి, దానికంటిన పాకాన్ని గాజుపలక మీద రాసి, దీపానికి అడ్డంగా పెట్టి చూడాలి. ఆయన చేతిలో గాజూ లేదు, కడ్డీ లేదు. టీ గ్లాసు ఎత్తి ఎండకు పెట్టి చూపించాడు. "దాన కూసుందా లేదా కన్ను చెప్తది, వేలు చెప్తది. జర లేటైతే ఖరాబే." బొటనవేలూ చూపుడువేలూ ఇంకా రుద్దుకుంటూనే ఉన్నాయి.

ముంబై అబ్బాయికి ఏం తోచిందో, బ్యాగులోంచి నేనిచ్చిన కానుక తీశాడు. చిన్న గుడ్డసంచి, దాని మీద "బోధన్ తీపి" అని బంగారు రంగు లేబుల్. అచ్చు వేయించింది నేనే. లోపలి చక్కెర నిజామాబాద్ గంజ్‌లో కిలోల లెక్కన కొన్నది.

పెద్దాయన అరచేతిలో పోసుకుని వంచి చూశాడు. "ఎస్-30. సన్నది. గిది మనది గాదు సారు, మహారాష్ట్రది గావచ్చు. మాది 2015 డిసెంబర్‌ల బందైంది. మీకెవరిచ్చిన్రు?"

ఆరుగురూ అనువాదం కోసం నా వైపు చూశారు. "చక్కెర చాలా సన్నగా ఉందంటున్నారు" అన్నాను ఇంగ్లిష్‌లో.

ఆయన నా మొహం చూసి నవ్వి, అదే మాట ఉర్దూలో మళ్లీ చెప్పాడు. ఢిల్లీ ఆవిడ పెన్ను తీసింది.

టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు. వద్దన్నా వినలేదు. ఇంకా పంచని పది సంచులు బండి వెనక సీట్లో ఉన్నాయి. నిజామాబాద్ చేరేదాకా గోటితో లేబుళ్లు గీకుతూ కూర్చున్నాను. కాగితం వచ్చింది గానీ జిగురు పోలేదు.