ఆ ఇంటి మీద శాపమున్నదా?

ఒకే ఇంట్లో తండ్రికి, అన్నకు, మేనత్తకు పేగు కాన్సర్ వస్తే మన పల్లెల్లో మొదట వినిపించే మాట “శాపం”. ప్రార్థనకు వెళ్లిన ఇళ్లలో నేను చాలాసార్లు విన్నాను. ఆ ఒక్క మాటతో పెళ్లి సంబంధాలు కూడా తప్పిపోతాయి. అందుకే ప్రయోగశాలల్లో తేలిన సంగతి మీతో చెప్పాలనుకున్నాను.

1895లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో బట్టలు కుట్టే ఒక స్త్రీ, మా వాళ్లు చాలామంది కాన్సర్‌తో పోయారు, నేనూ అలాగే పోతానని డాక్టర్ ఆల్‌డ్రెడ్ వార్తిన్‌తో చెప్పింది. చిన్న వయస్సులోనే గర్భసంచి కాన్సర్‌తో చనిపోయింది. వార్తిన్ ఆమె మాటను కొట్టిపారేయక, ఆ వంశమంతటి వివరాలు సేకరించి 1913లో ప్రచురించాడు. తరువాత హెన్రీ లించ్ అనే వైద్యుడు ఇటువంటి కుటుంబాల కోసం ఏళ్ల తరబడి తిరిగాడు. అసలు లోపం 1993లో దొరికింది.

మన కణం రెండుగా చీలేముందు అందులోని జన్యు రాతంతా నకలు కావాలి. ఎంత జాగ్రత్తగా రాసినా తప్పులు దొర్లుతాయి. వాటిని దిద్దే జన్యువులలో ఎం.ఎస్.హెచ్.2 ఒకటి. అది పుట్టుకతో ఒక ప్రతి చెడి ఉండి, రెండోదీ పాడైతే దిద్దే నాథుడుండడు. తల్లిదండ్రులలో ఒకరికి ఈ లోపముంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం, రాని అవకాశం సగం. శాపం ఇలా లెక్కకు అందుతుందా? పైగా లోపమున్న ప్రతివారికీ కాన్సర్ రాదు.

“నా పిల్లలకు వచ్చిందేమో ఎలా తెలుస్తుందయ్యగారూ?” అని మా సంఘంలో ఒక తల్లి అడిగింది. ఎవరికి, ఏ వయస్సులో, ఏ కాన్సర్ వచ్చిందో కాగితం మీద రాసుకొని పెద్ద కాన్సర్ ఆసుపత్రికి వెళ్లమ్మా అన్నాను. రక్తపరీక్షలో లోపం తేలినవారికి ఏడాదికో రెండేళ్లకో పెద్దపేగును గొట్టంతో చూసి, కణుతులను ముదరకముందే తీసివేస్తారు.

కాలేయం సంగతి వేరు. అక్కడ జన్యు లోపం ఎక్కువగా పుట్టిన తరువాత వచ్చేదే. 1991లో చైనాలోని చీదోంగ్‌లోను, ఆఫ్రికా దక్షిణ ప్రాంతంలోను చాలామంది రోగుల కణుతులలో పి53 అనే జన్యువులో ఒకే చోట, 249వ స్థానంలో, మార్పు కనిపించింది. బూజుపట్టిన వేరుశనగలో, మొక్కజొన్నలో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం చేసే పని అది. ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ కూడా ఉంటే అపాయం ఎన్నో రెట్లు. దానికి టీకా ఉన్నది, పుట్టిన రోజే బిడ్డకు వేయించవచ్చు. బూజు విషం మాత్రం వేయించినా పూర్తిగా పోదు. మా వైపు మంచి కాయ మార్కెట్టుకు పోతుంది, ముక్కిపోయిన గింజ ఇంటి పచ్చడికి మిగులుతుంది. దాన్ని పారవేయండని ఇప్పుడు స్త్రీల కూడికలో చెప్తున్నాను.