పని లేని మనిషి

మా అమ్మ తన యెనుబదియేడవ యేట గతించినది. ఆ లెక్క సరియని చెప్పుటకు మా యింట జాతకచక్రము గాని జననపత్రము గాని లేవు. ఉన్న ఆధారమెల్ల శారదా చట్టమే. పదునాలుగేండ్లు నిండని బాలికకు వివాహము చేయరాదను ఆ శాసనము 1930 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి రానున్నదని విని, మా గోదావరి లంకలలోని పెద్దలు గడువులోపలనే ఆడపిల్లల మెడలలో మూడు ముళ్ళు వేయించి గండము గడచినదని ఊపిరి పీల్చుకొన్న ఆ మాఘ ఫాల్గుణములలో, తొమ్మిదేండ్ల మా అమ్మకును పదునారేండ్ల మా నాయనగారికిని పెండ్లి జరిగినది. ఆడపిల్లలను రక్షింపబూనిన చట్టము ఆమెకు చేసిన ఉపకారమెల్ల, పుట్టిన సంవత్సరమును గుర్తుంచుటయే.

1961 ఫిబ్రవరిలో జనాభా లెక్కలు వ్రాసికొనుటకు మా బడి పంతులుగారు వచ్చిరి. నాకప్పుడు పండ్రెండేండ్లు, వారి సిరాబుడ్డి పట్టుకొని నిలుచుట నాకు లభించిన మహాపదవి. నాయనగారు అరుగుమీద కూర్చుండి ఒక్కొక్కరి వివరము చెప్పుచుండిరి. అమ్మ వంతు వచ్చినప్పుడు పంతులుగారు, “అమ్మగారు చేసే పని?” అనిరి. “ఆవిడకేం పనండీ? ఇంట్లోనే ఉంటుంది” అనిరి నాయనగారు. ఆ మాటలో తిరస్కారము లేదు. ఇల్లాలికి పని లేదని చెప్పగలుగుట ఆ కాలమున గృహస్థునకు పరువు. ఆ సమయమున ఆమె వాకిట మినుములు చెరుగుచున్నది. చేట దింపి, పంతులుగారికి గ్లాసెడు మజ్జిగ నా చేతికిచ్చి పంపినది.

వేగుచుక్క పొడిచిన వేళ లేచి, వాకిట కళ్ళాపి చల్లి, గేదెలకు కుడితి పెట్టి పాలు పితికి, ఆ పాలను దాలిలో పిడకల సెగన ఎర్రగ కాగువరకు ఉంచి, ముందునాటి పెరుగు చిలికి వెన్న తీసి, కాలువ నుండి బిందెలతో నీరు మోసి, ఆ నీరు వరదకు ఎర్రబారిన దినములలో చిల్లగింజ అరగదీసి తేర్చి, పాలేరుకు చద్ది పెట్టి, అటుపిమ్మట గాని వంటింట పొయ్యి రాజేయని మనిషి ఆమె. నాట్లకు కూలీలను కేకవేసినదియు ఆమెయే, పురి విప్పించి ధాన్యము కొలిపించినదియు ఆమెయే. సోల, తవ్వ, మానిక, కుంచములతో ఆమె నోటిలెక్కను మించిన దస్తరము మా యింట లేదు. 1957లో నయాపైసలు వచ్చినను ఆమె లెక్క కానులలోను బేడలలోను సాగుచునే యుండెను. కొట్టువాడే లొంగివచ్చి అణాలలో చెప్పెడివాడు. 1953 ఆగస్టు వరదలో లంక మునిగినప్పుడు, ఆవకాయ జాడీలను, విత్తనపు వడ్లను అటకెక్కించి, మమ్ము ఏటిగట్టు చేర్చి, రెండు రాత్రులు గేదె పలుపు చేతి నుండి విడువక కూర్చున్నదట. ఆరుగురిని కని నలుగురను దక్కించుకొన్నది. పోయిన ఇద్దరిని గూర్చి ఆమె మాటలాడగా నేను వినలేదు. కాని వడియములు పెట్టునప్పుడు ఒక మూల రెండు చిన్నవి విడిగా పెట్టెడిది. ఎందుకని నేనెన్నడును అడుగలేదు.

నాయనగారిని ఆమె పేరుతో పేర్కొనలేదు; ఆయనయు ఆమెను పేరుపెట్టి పిలువలేదు. “ఏమే” అనునదే ఆమె నామధేయము. పక్షవాతముతో మంచము పట్టిన తుది రెండేండ్లును ఆయన గడియకొక మారు ఆ పిలుపే పిలిచెడివారు. పని యుండి కాదు, పలుకునో లేదో యని. ఆమె ప్రతి మారును పలికెడిది. విసుగుకొనిన దినమున మాత్రము గట్టిగా పలికెడిది.

చాలకాలమునకు ఆ 1961 నాటి లెక్కల నిబంధనలు నా కంటబడినవి. సేద్యము వంటి ఋతువులనుబట్టి సాగు వృత్తులలో, పనికాలమున అధికభాగము దినమునకొక గంటకు మించి క్రమముగ పాటుపడినవారిని పనివారిగనే వ్రాయవలెనని అందున్నది. ఒక గంట! పంతులుగారు రెండవ ప్రశ్న వేసియుండినచో ఆమె గడి మారియుండెడిది. 1971లో ఆ నియమమును సడలించుటకు మారుగ, ప్రధానమైన పని యేదని ముందుగ అడుగసాగిరి. ఇంటిపని యని ముందుగ చెప్పిన స్త్రీలు మరింతమంది పనివారి పట్టికనుండి జారిపోయిరి. ప్రభుత్వమునే తప్పుపట్టనేల? సిరాబుడ్డి పట్టుకొని నిలిచిన నేను నోరు మెదపలేదు గదా.

2001లో మరల లెక్కలు వ్రాయ వచ్చినది ఒక చిన్న పంతులమ్మ. నాయనగారు పోయి అప్పటికి పదేండ్లు. అమ్మ వసారాలో స్తంభమునకు చేరగిలబడి శివరాత్రికి వత్తులు చేయుచున్నది. ఈమారు ప్రశ్న నేరుగ ఆమెనే అడిగిరి. “ఏం పని చేస్తారు మామ్మగారూ?” అమ్మ చేతిలోని పత్తిని చూచుకొని, “ఇప్పుడేం పనమ్మా, ఏదీ చెయ్యలేకపోతున్నాను” అనినది. ఆ పిల్ల వ్రాసికొన్నది. కాగితములు సర్దుకొని లేవబోవుచుండగా అమ్మ వారించి, “ఎండన పడి వచ్చావు, ఉండు” అని, గుమ్మము పట్టుకొని మెల్లగ లేచి మజ్జిగకై లోనికి పోయినది.