బెల్లు పక్కన మన పేరు

బెర్లిన్‌లో చాలా భవనాలకు ఫ్లాటు నంబర్లుండవు. వీధి పేరు, భవనం నంబరు, మనిషి పేరు, అంతే. వీధి తలుపు దగ్గర బెల్లు పక్కనా, ఉత్తరాల పెట్టె మీదా మన పేరుంటేనే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వేస్తాడు. లేదంటే అది వచ్చిన దారినే వెళ్లిపోతుంది.

ఉత్తరాలతో నడిచే దేశమిది. ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా పౌరసేవల కార్యాలయానికి వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఆ ఇంట్లో ఉంటున్నామని ఓనరు సంతకం చేసిన కాగితం చూపించాలి. నమోదయ్యాక పన్ను నంబరు పోస్టులో వస్తుంది. బ్యాంకు కార్డూ దాని పిన్నూ, ఆరోగ్య బీమా కార్డూ పోస్టులోనే. రేడియో, టీవీ రుసుము నెలకు 18.36 యూరోలు కట్టమనే ఉత్తరమూ వస్తుంది. ఇంట్లో టీవీ లేకపోయినా కట్టాల్సిందే. అందుకే కొత్తగా దిగిన ప్రతి ఒక్కరికీ నేను చెప్పే మొదటి మాట: సామాను సర్దుకోవడం తర్వాత, ముందు పెట్టె మీద పేరు అంటించండి.

పేరు అంటించాక ఇరుగుపొరుగు మొదలవుతుంది. మనం ఇంట్లో లేనప్పుడు పార్సిల్ వస్తే పక్కింటివాళ్లు తీసుకుని ఉంచుతారు. సాయంత్రం వెళ్లి బెల్లు కొట్టి తెచ్చుకోవాలి. మా కింది అంతస్తు పెద్దావిడతో నాకు పరిచయం అలాగే అయింది. రాత్రి 10 దాటాక మిక్సీ వేయకూడదనీ, ఆదివారం గోడకు మేకు కొట్టకూడదనీ, ఖాళీ గాజు సీసాలు కూడా ఆరోజు డబ్బాలో వేయకూడదనీ నాకు చెప్పింది ఆవిడే. ఇడ్లీ పిండి పొద్దుగూకేలోపే రుబ్బుకోవడం నాకిప్పుడు అలవాటు.

ఆదివారం దుకాణాలు మూసేస్తారు. పాలు, కూరగాయలు శనివారమే తెచ్చుకోవాలి. మొదట్లో ఇది ఇబ్బందిగానే ఉంటుంది. కానీ ఆదివారం విశ్రాంతిదినమని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో రాసుకున్నారు. 1949లో వచ్చిన రాజ్యాంగమూ ఆ నిబంధనను అలాగే నిలుపుకుంది. కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి కూడా వారానికి ఒకరోజు తన పిల్లలతో గడుపుతుందన్నమాట. హైదరాబాద్ బట్టల దుకాణాల్లో ఆదివారం పొద్దుటి నుంచి రాత్రిదాకా నిలబడే పిల్లలు గుర్తొచ్చినప్పుడు ఈ నియమం విలువ నాకు బాగా తెలుస్తుంది.

మంగళ, శుక్రవారాల్లో కాలువ ఒడ్డునున్న మాయ్‌బాఖూఫర్ వీధిలో టర్కీవాళ్ల సంత జరుగుతుంది. వంకాయలు, కొత్తిమీర కట్టలు, పచ్చిమిరపకాయలు అక్కడ దొరుకుతాయి. 1961లో కుదిరిన ఒప్పందంతో టర్కీ నుంచి కార్మికులు పశ్చిమ జర్మనీకి రావడం మొదలైంది. కొన్నాళ్లు పనిచేసి వెళ్లిపోతారనుకుని వాళ్లను ‘అతిథి కార్మికులు’ అన్నారు. చాలామంది ఇక్కడే ఉండిపోయారు. వాళ్ల పిల్లలు, మనవలు ఈ నగరంలో భాగమయ్యారు. మన వంటింటికి ఇక్కడ దారి వేసింది వాళ్లే.

ఇప్పుడు మనవాళ్లు వస్తున్నారు. నిపుణులైన భారతీయులకిచ్చే వీసాలను ఏటా 20,000 నుంచి 90,000కు పెంచుతామని జర్మనీ 2024లో ప్రకటించింది. ఆఫీసులో ఇంగ్లీషు, వారాంతంలో తెలుగువాళ్ల విందు, ఈ రెండింటితో ఏళ్లు గడిపేయొచ్చు. ఉగాది పచ్చడి కలిసి తినాలి, తప్పకుండా తినాలి. కానీ ఒంట్లో బాగాలేనప్పుడు డాక్టరుకు బాధ చెప్పుకోవాలన్నా, బడిలో టీచరు పిల్లవాడి గురించి ఏం చెబుతోందో అర్థంకావాలన్నా జర్మన్ రావాలి. బెర్లిన్‌లోని 12 మండలాల్లోనూ ఫోక్స్‌హోఖ్‌షూలె అనే ప్రజా విద్యాలయాలున్నాయి, తక్కువ ఫీజుకే భాష నేర్పుతాయి.

కాబట్టి రాబోయే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా విన్నపం ఒక్కటే. విమానం ఎక్కకముందే జర్మన్ మొదలుపెట్టండి. ఇల్లు దొరికిన వారంలోనే పక్కింటి బెల్లు కొట్టి, మీ పేరు చెప్పి, వాళ్ల పేరు అడగండి.